నెల బిల్లు లేని బడి

టీవీలో పిల్లల కోసం వచ్చే పాఠాలు చూసి పెద్దవాళ్లు చదువుకోవడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. రాసినవాళ్లలో చాలామంది ఖర్చు తగ్గించుకోవడానికి కేబుల్ తీయించేసి, నెల బిల్లు లేని దూరదర్శన్ ఫ్రీ డిష్‌కి మారినవాళ్లే. అందుకే జవాబులు కూడా ఆ ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాం.

ప్రశ్న: ఇంట్లోనే బట్టలు కుడతాను. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఫ్రీ డిష్‌లో ఛానెళ్లు తిప్పుతుంటే ఆరో తరగతి లెక్కల పాఠం కనిపించింది, చివరిదాకా చూశాను. కానీ అది హిందీలో ఉంది. తెలుగులో వస్తాయా? ఫోన్‌లో నెట్ ఎక్కువ వాడే స్తోమత లేదు.
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీరు చూసింది పీఎం ఈ-విద్య ఛానెల్ అయి ఉంటుంది. 2020లో కరోనాకి బడులు మూతపడినప్పుడు తరగతికి ఒక ఛానెల్ చొప్పున ఒకటి నుంచి పన్నెండు దాకా వీటిని మొదలుపెట్టారు. అవి కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు కాబట్టి ఎక్కువగా హిందీ, ఇంగ్లిష్‌లో ఉంటాయి. 2022-23 బడ్జెట్‌లో ఈ ఛానెళ్లను 200కి పెంచుతామన్నారు. ఆ పెంపులో రాష్ట్రాలకు కూడా ఛానెళ్లు ఇచ్చారు. తెలుగు పాఠాల కోసం మీరు వెతకాల్సింది ఆ రాష్ట్ర ఛానెళ్లలో.

అవి మీ టీవీలో కనబడకపోవడానికి మామూలుగా రెండు కారణాలుంటాయి. బాక్సు బిగించిన రోజు తర్వాత మళ్లీ స్కాన్ చేయకపోవడం మొదటిది. కొత్త ఛానెళ్లు వాటంతటవే జాబితాలోకి రావు. మెనూలో ఇన్‌స్టాలేషన్‌కి వెళ్లి, ఫ్రీ డిష్ ఛానెళ్లు పంపే ఉపగ్రహం జీశాట్-15 ఎంచుకుని, ఎల్‌ఎన్‌బీ (డిష్ చేయి చివర ఉండి సిగ్నల్ పట్టే చిన్న డబ్బా) అన్నచోట 9750/10600 ఉందో లేదో చూసి ఆటో స్కాన్ నొక్కండి. అయ్యేదాకా రిమోట్ ముట్టుకోవద్దు, చివర్లో సేవ్ చేయడం మరవద్దు. రెండోది బాక్సు పాతది కావడం. ఎంపెగ్-2 బాక్సులు కొన్ని ఛానెళ్లను అసలు పట్టుకోలేవు. కొత్తగా కొనేటప్పుడు ఎంపెగ్-4, డీవీబీ-ఎస్2 రెండూ ఉన్నదే అడిగి తీసుకోండి. ఈమధ్య వచ్చిన కొన్ని టీవీల్లో ఈ ట్యూనర్ లోపలే ఉంటుంది. మీ టీవీ వెనక 'శాటిలైట్ ఇన్' అని రాసి మర పిన్ను ఉంటే ముందు డిష్ వైరు అందులో పెట్టి చూడండి, బాక్సు ఖర్చే తప్పుతుంది.

తెలంగాణలో ఉన్నవాళ్లకు టీ-శాట్ విద్య, నిపుణ ఛానెళ్లున్నాయి. కేబుల్ లేనివాళ్లు వాటిని ఫోన్‌లో యాప్‌లోనో యూట్యూబ్‌లోనో చూడొచ్చు. డేటా ఆదా చేద్దామని వీడియో నాణ్యతని మరీ 144కి దించితే మాట వినపడుతుంది గాని బోర్డు మీది అంకెలు అలికినట్టు ఉంటాయి. లెక్కలకు 360 ఉండాలి. దానికి గంటకు సుమారు 300 నుంచి 450 ఎంబీ పడుతుంది. తెలుగు, సాంఘిక శాస్త్రం లాంటి వినే పాఠాలకు 144 చాలు.

హిందీలో వచ్చే లెక్కల పాఠాన్ని మాత్రం వదిలేయకండి. బోర్డు మీద అంకెలు నడుస్తుంటే సగం అర్థమవుతుంది. పక్కన మన రాష్ట్ర పాఠ్యపుస్తకం ఉంటే మిగతా సగం పూర్తవుతుంది. ఇప్పటి ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఈ పద్ధతి వచ్చింది. పక్కింటి పిల్లలు పై తరగతికి వెళ్లగానే వాళ్ల పాత పుస్తకం అడిగి తీసుకోండి. పెద్దయ్యాక చదువుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పుస్తకం లేదని మా నమ్మకం. లెక్కలు నేర్చుకుంటూనే ఇంగ్లిష్ కూడా పట్టుబడుతుంది.

ప్రశ్న: గాలివాన వచ్చినప్పుడల్లా సిగ్నల్ పోతోంది. ప్రతిసారీ మెకానిక్‌కి డబ్బులు పోయాల్సి వస్తోంది. డిష్ మేమే సరిచేసుకోలేమా?
— ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: సరిచేసుకోవచ్చు. కానీ ముందు డిష్‌ని తిప్పొద్దు. సిగ్నల్ పోయిందనగానే డాబా ఎక్కి డిష్ తిప్పేస్తే, తెగిన వైరుతో పోయేదానికి గురి తప్పిన డిష్ కూడా తోడవుతుంది.

బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ తెరిస్తే స్ట్రెంత్, క్వాలిటీ అని రెండు గీతలు కనిపిస్తాయి. స్ట్రెంత్ సున్నా దగ్గరే ఉంటే డిష్ తప్పు కాదు. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందడం లేదు, లేదా ఎల్‌ఎన్‌బీయే పోయింది. బాక్సు నుంచి డిష్ వైరులోనే 13 లేదా 18 వోల్టులు పైకి వెళ్లాలి. స్ట్రెంత్ బాగుండి క్వాలిటీ సున్నా అయితే అప్పుడు గురి తప్పినట్టు.

మొదటి రకం తప్పు అయితే బాక్సు ప్లగ్గు తీసేసి, ఎల్‌ఎన్‌బీ దగ్గర పిన్ను విప్పి చూడండి. మధ్య రాగి తీగ నల్లగానో పచ్చగానో మారితే నీళ్లు దిగాయన్నమాట. రెండు మూడు అంగుళాలు కోసేసి కొత్త పిన్ను వేయాలి. పై అల్లిక తీగ ఒక్క పోగు లోపలి తీగకు తగిలినా షార్టే, అక్కడే చాలామంది బోల్తా పడతారు. బిగించాక టేపు కింది నుంచి పైకి చుట్టండి. పై నుంచి కిందకి చుడితే మడతల్లో నీళ్లు నిలుస్తాయి. వైరును ఎల్‌ఎన్‌బీ దగ్గర కాస్త కిందకి వేలాడేలా వంపు వదిలితే వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

గురి తప్పితే ఒక మనిషిని టీవీ దగ్గర కూర్చోబెట్టి ఫోన్‌లో క్వాలిటీ అంకె చెప్పమనండి. ముందు దారానికి రాయి కట్టి, స్తంభం నిటారుగా ఉందో లేదో చూసుకోండి. స్తంభం వాలితే మిగతా కోణాలన్నీ తప్పుతాయి. జీశాట్-15 భూమధ్యరేఖ మీద 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది. మనకు అది ఆగ్నేయం వైపు. ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కపెడితే హైదరాబాద్‌లో సుమారు 138 డిగ్రీలు, విజయవాడ దగ్గర 141, విశాఖలో 149, తిరుపతిలో 133. నూజివీడుకి 141 పెట్టుకోండి. ఫోన్ దిక్సూచిని ఇనుప స్తంభానికి ఆరడుగుల దూరంలో పట్టుకుని చూడాలి, ఆనుకుని పట్టుకుంటే తప్పు చూపిస్తుంది.

ఎత్తు కోణం హైదరాబాద్‌లో 63 డిగ్రీలు, కోస్తాలో 66, తిరుపతిలో 67 దాకా. కానీ మన ఇళ్ల మీది డిష్‌లో ఎల్‌ఎన్‌బీ చేయి కిందకి ఉంటుంది కాబట్టి డిష్ ముఖం అసలు దిక్కు కన్నా పాతిక డిగ్రీలు కిందకి చూస్తున్నట్టు కనబడుతుంది. ఆకాశంలోకి చూడటం లేదేంటని కంగారుపడి పైకెత్తేయొద్దు. కోణం ఇంత నిటారుగా ఉండటం మనకు లాభమే. డిష్ కన్నా పదడుగులు ఎత్తున్న గోడైనా ఐదడుగుల లోపు ఉంటేనే అడ్డు. కొబ్బరి మట్టలు మాత్రం ఆ దిక్కున పైన అడ్డంగా ఆడుతుంటే బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

నట్లు కొద్దిగా వదులు చేసి డిష్‌ని ఒక్కో డిగ్రీ చొప్పున తిప్పండి. తిప్పాక మూడు నాలుగు సెకన్లు ఆగండి. అరవై సెంటీమీటర్ల డిష్ చూపు రెండు మూడు డిగ్రీలకు మించదు. బాక్సు సిగ్నల్ పట్టుకోవడానికి టైమ్ కావాలి. గబగబా తిప్పేవాళ్లు సరైన చోటు దాటి పోతూనే ఉంటారు. క్వాలిటీ దొరికాక ఎల్‌ఎన్‌బీని దాని క్లాంపులోనే మెల్లగా రెండు వైపులా తిప్పి చూడండి. మన ప్రాంతంలో అది 30 నుంచి 45 డిగ్రీలు వాలి ఉండాలి. ఏ వైపు తిప్పితే అంకె పెరుగుతుందో అదే సరైన వైపు. నట్లు ఒక్కోటి కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి. ఒకే నట్టు పూర్తిగా బిగిస్తే డిష్ జరిగిపోతుంది. సరిగ్గా కుదిరాక స్తంభం మీద, డిష్ మెడ మీద పెయింటుతో గీత గీసి పెట్టుకోండి. మళ్లీ కదిలితే రెండు నిమిషాల పనే.

కారుమబ్బు కమ్మి జోరుగా వాన పడేటప్పుడు బొమ్మ పోవడం తప్పు కాదు, ఈ తరంగాలకు వాన అడ్డే. పది, పదిహేను నిమిషాలు ఆగండి. ఉరుములు మొదలైతే ప్లగ్గూ, డిష్ వైరూ రెండూ తీసేయండి. తడి డాబా మీద, కరెంటు తీగల పక్కన ఈ పని పెట్టుకోవద్దు.

ప్రశ్న: నా చిన్నప్పుడు, 1975లో, మా ఊరి పంచాయతీ ఆఫీసులో టీవీ పెట్టి పొద్దున్నే పిల్లలకు పాఠాలు చూపించేవారు. డాబా మీద కోళ్ల జాలీ లాంటి పెద్ద గొడుగు ఉండేది. ఏడాది తిరగ్గానే ఆగిపోయింది. అదేమిటి? ఇప్పుడు ఈ ఛానెళ్లు చూస్తుంటే అదే గుర్తొస్తోంది.
— ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: దాని పేరు సైట్, ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చదువు చేర్చే ప్రయోగం. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జులై 31న ముగిసింది. ఉపగ్రహం అమెరికాది, ఏటీఎస్-6. మన దగ్గర ఉంచుకోవడానికి ఒప్పందం ఏడాదికే. గడువు తీరగానే వెనక్కి జరిపారు కాబట్టి మీ ఊళ్లో టీవీ ఆగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీలు పెట్టారు, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం లాంటి కార్యక్రమాలు. మీకు గుర్తున్న గొడుగు నిజంగానే కోళ్ల జాలీతో చేసింది, వెడల్పు పదడుగులు. అప్పట్లో వాడిన తరంగాలు పొడవైనవి కాబట్టి జాలీ సరిపోయింది. ఇప్పటి తరంగాలు మూడు సెంటీమీటర్ల లోపే ఉండటంతో రెండడుగుల రేకు డిష్ చాలుతోంది.

ప్రశ్న: కూరగాయల వ్యాపారం చేస్తాను. ఏడో తరగతి లెక్కలు చూడటం మొదలుపెట్టాను. చూసినప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది, మర్నాటికి ఏమీ మిగలదు. ఆపి వెనక్కి తిప్పుకోవడానికి టీవీలో కుదరదు కదా. ఎలా?
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ముందు ఏ తరగతి దగ్గర మొదలుపెట్టాలో తేల్చుకోండి. ఈ ఐదు లెక్కలు కాగితం మీద చేయండి: 302లోంచి 178 తీసేయడం, 4008ని 8తో భాగించడం, 1/3కి 1/4 కలపడం, 0.5, 0.35లలో ఏది పెద్దదో చెప్పడం, 240లో 15 శాతం. జవాబులు వరసగా 124, 501, 7/12, 0.5, 36. మొదటిది తప్పితే మూడో తరగతి, రెండోది తప్పితే నాలుగు, మూడో, నాలుగో లెక్కల్లో ఏది తప్పినా ఐదు, ఆరు, చివరిది తప్పితే ఏడు. రెండో లెక్కకు 51 అని రాసేవాళ్లు చాలామంది. మధ్యలో సున్నాకి భాగఫలంలో చోటు ఇవ్వకపోవడం వల్ల వచ్చే తప్పు అది. ఏడో తరగతి పాఠం అర్థమైనట్టే ఉండి మర్నాటికి మిగలకపోవడానికి ఇలా కింద ఎక్కడో ఒక మెట్టు ఊడి ఉండటమే కారణం.

మూడో లెక్కకు 2/7 అని రాస్తే పెన్ను పక్కన పెట్టి, పన్నెండు సెంటీమీటర్ల పొడవున్న కాగితం ముక్క కోయండి. మూడు సమాన మడతలు పెడితే ఒక మడత 4 సెంటీమీటర్లు, అది 1/3. ఇంకో ముక్కని నాలుగు మడతలు పెడితే ఒకటి 3 సెంటీమీటర్లు, అది 1/4. రెండూ పక్కపక్కన పెడితే 7 సెంటీమీటర్లు, అంటే పన్నెండులో ఏడు. 2/7 అయితే పన్నెండులో మూడున్నర కూడా రాదు. ఒక్క మడత వల్లే 4 సెంటీమీటర్లు వచ్చాక, రెండూ కలిపితే అంతకన్నా తగ్గడం ఎలా కుదురుతుంది? హారాలు ఎందుకు కలపకూడదో ఈ కాగితం చెప్పినంత బాగా నియమం చెప్పదు. మీరు పావు, అర, ముప్పావు లెక్కలు రోజూ నోటితో చేస్తారు. కిలో 60 అయితే ముప్పావు 45 అని తడుముకోకుండా చెప్పేవాళ్లకు భిన్నాలు వచ్చినట్టే, రాసే పద్ధతే కొత్త.

ఇక నోటు పుస్తకం. పాఠం నడుస్తున్నప్పుడు ఎడమ పేజీలో బోర్డు మీది లెక్క, బొమ్మ మాత్రమే ఎక్కించండి. వాక్యాలు రాస్తూ కూర్చుంటే తర్వాతి మెట్టు పోతుంది. టీవీ కట్టేసిన వెంటనే ఎడమ పేజీ మూసి, అదే లెక్క కుడి పేజీలో చేయండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ చుక్క పెట్టుకోండి. ఆ తర్వాత పుస్తకంలోంచి అలాంటివే మూడు. తప్పు చేసినదాన్ని చెరపొద్దు, అడ్డగీత కొట్టి పక్కన మళ్లీ చేయండి. వారం తర్వాత ఆ అడ్డగీతలన్నీ చూస్తే మీ తప్పు ఒకే రకంగా వస్తోందని తెలుస్తుంది. మర్నాడు కొత్త పాఠానికి ముందు, నిన్న చుక్క పెట్టిన లెక్క ఒక్కటి.

వెనక్కి తిప్పే వీలు లేకపోయినా పునఃప్రసారం ఉంటుంది. ఉదాహరణకు పై చదువుల పాఠాలొచ్చే స్వయంప్రభ ఛానెళ్లను రోజుకు నాలుగు గంటల కొత్త పాఠం, అదే మళ్లీ ఐదుసార్లు వచ్చేలా రూపొందించారు. మీరు చూసే ఛానెల్లో ఒక పాఠం ఏయే వేళల్లో మళ్లీ వస్తుందో రెండు మూడు రోజులు గమనించి గోడ మీద రాసి పెట్టుకోండి. కొత్త పాఠానికి పరుగెత్తే బదులు పాతదాన్ని రెండోసారి చూడటమే మేలు.

ప్రశ్న: మాది పాత డబ్బా టీవీ. దీనితో చదువుకుంటే కరెంటు బిల్లు పేలదా? కొత్తది కొనమంటారా?
— ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: కొనొద్దు. 21 అంగుళాల డబ్బా టీవీ, బాక్సు కలిపి సుమారు 100 వాట్లు లాగుతాయి. రోజుకు రెండు గంటలైతే నెలకు 6 యూనిట్లు. చిన్న ఎల్‌ఈడీ అయితే దాదాపు రెండున్నర. ఆ తేడా మీద కొత్త టీవీ ధర ఏళ్లు గడిచినా రాదు. అసలు వృథా వేరే చోట ఉంది. బాక్సుని రిమోట్‌తో ఆపితే ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. అలా 5 వాట్లు లాగినా, చూడని 22 గంటలకు నెలకు 3 యూనిట్లు దాటుతాయి. గోడ దగ్గర స్విచ్చి కట్టేయండి. డబ్బా టీవీలో చిన్న అక్షరాలు మసకగా ఉంటే బాక్సు మెనూలో బొమ్మ కొలత 4:3 పెట్టి, ఐదారడుగుల దూరంలో కూర్చోండి.

ప్రశ్న: సైన్సు పాఠాల్లో చూపించే ప్రయోగాలు ఇంట్లో చేయాలనుంది. సామాను కొనలేను.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆమ్లాలు, క్షారాల పాఠానికి వంటింట్లో పసుపు చాలు. చెంచా పసుపులో నాలుగైదు చుక్కల నీళ్లు పోసి ముద్ద చేసి, తెల్ల కాగితం మీద పల్చగా పూసి నీడలో ఆరబెట్టి వేలెడు ముక్కలు కోయండి. సబ్బు నీళ్ల చుక్క వేస్తే ఎర్రబారుతుంది. ఆ ఎరుపు మీద నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపే. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణంతోనే. ఒక్క జాగ్రత్త: నిమ్మరసం నేరుగా వేస్తే ఏ మార్పూ రాదు, మామూలు నీళ్లు వేసినా రాదు. కాబట్టి పసుపు క్షారాన్నే పట్టిస్తుంది. ఆమ్లం కూడా తెలియాలంటే ఎర్ర మందార రేకులు వేడినీళ్లలో నానబెట్టి వడకట్టండి. ఆ నీళ్లు నిమ్మరసంతో ఎర్రగా, సబ్బు నీళ్లతో పచ్చగా మారతాయి. పచ్చదనం రాకపోతే రేకులు తక్కువై ఉంటాయి, పది పన్నెండు రేకులకు అరగ్లాసు నీళ్లు మించొద్దు.

జ్యామితికి అగ్గిపుల్లలు, సైకిల్ షాపులో దొరికే వాల్వు ట్యూబు. పుల్లల మందు గీకేసి, ట్యూబుని రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, ఒక్కో ముక్కకు రెండు వైపులా పుల్ల దోపండి. మూడు పుల్లలతో త్రిభుజం చేసి నొక్కితే కదలదు. నాలుగింటితో చదరం చేసి నొక్కితే పక్కకు వాలిపోతుంది. చదరానికి ఎదురు మూలలు కలుపుతూ చీపురు పుల్ల కట్టండి, అది భుజానికి సుమారు 1.4 రెట్లు పొడవుండాలి. ఇక వాలదు. రాజమండ్రి రోడ్డు-రైలు వంతెనలో, సెల్ టవర్లలో అన్నీ త్రిభుజాలే ఎందుకుంటాయో చేతికి తెలుస్తుంది. ఈ అగ్గిపుల్లల పద్ధతిని దేశమంతా వ్యాపింపజేసింది అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివి, పారేసే వస్తువులతో పిల్లలకు సైన్సు చెప్పడానికే జీవితం అంకితం చేశారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చిట్టి వీడియోలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒక్కోటి కొన్ని నిమిషాలే కాబట్టి డేటా పెద్దగా పోదు.

ప్రశ్న: నలభై దాటాక నాలుగో తరగతి పాఠాలు చూస్తుంటే ఇంట్లో నవ్వుతున్నారు. అత్తగారికి ఆ టైమ్‌కి సీరియల్ కావాలి.
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: సీరియల్ వేళ అత్తయ్యగారికే వదిలేసి, అదే పాఠం పొద్దున్నో మధ్యాహ్నమో మళ్లీ వచ్చినప్పుడు చూసుకోండి. నవ్వేవాళ్లకు పైన ఇచ్చిన ఐదు లెక్కలూ ఇచ్చి చూడమని మా సలహా. ఎగతాళికి కాదు, మీతోపాటు కూర్చునేవాళ్లు ఆ ఇంట్లోనే దొరుకుతారు. నాలుగో తరగతి పాఠాలు తయారుచేసేవాళ్లు ఒక విషయాన్ని మొదటిసారి వినేవాళ్ల కోసం ఎంతో ఓపికగా చెబుతారు. ఆ ఓపిక పెద్దల పుస్తకాల్లో దొరకదు.

ప్రశ్న: ఇలా చూసి పదో తరగతి పరీక్ష రాయొచ్చా?
— ముగ్గురు పాఠకులు

జవాబు: రాయొచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ సార్వత్రిక విద్యాపీఠాలు (ఓపెన్ స్కూళ్లు) ఉన్నాయి, కేంద్రానిది ఎన్‌ఐఓఎస్. పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు. ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, ఒక్కోదానికి 33 శాతం. తెలుగులోనే రాయొచ్చు. అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు. నమోదైన నాటి నుంచి ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి, పాసైన సబ్జెక్టు మార్కులు అలాగే నిలిచి ఉంటాయి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్ నెలల్లో. పనిచేసుకుంటూ చదివేవాళ్లు మొదటిసారికి రెండు సబ్జెక్టులే కట్టడం మంచిది, వాటిలో ఒకటి తెలుగు అయితే ధైర్యం వస్తుంది. ఎన్‌ఐఓఎస్ పాఠాలు స్వయంప్రభలో కూడా వస్తాయి. కానీ పరీక్ష మాత్రం వాళ్లిచ్చే పుస్తకం నుంచే ఉంటుంది కాబట్టి టీవీ పాఠం ఏ అధ్యాయానిదో పుస్తకంలో గుర్తు పెట్టుకుంటూ చూడండి. ఫీజు అధికారిక వెబ్‌సైట్లోనో, స్టడీ సెంటర్లోనో రసీదు తీసుకుని కట్టండి. చదవకుండానే ఒక్క సిట్టింగ్‌లో పాస్ చేయిస్తామని డబ్బు అడిగేవాళ్లకు ఆధార్ కాపీ గానీ, పాత సర్టిఫికెట్ గానీ ఇవ్వకండి.